యుద్ధ సామగ్రి నుంచి ప్రాణరక్షణ దాకా – పెద్ద రక్తనాళం ఆపరేషన్ కథ



నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్ అయ్యాక భర్తీ అయి, ఇంజనీర్ల రెజిమెంటులో ఇరవై ఎనిమిదేళ్లు చేసి సుబేదారుగా ఇంటికి వచ్చినవాణ్ణి. వంతెనలు, రోడ్లు, నీటి పైపులు నాకు తెలిసిన విద్య. అయినా ఈసారి సంచికకు శరీరంలోని ఒక పైపు గురించి రాయాలనిపించింది. కారణం ఉంది.

2018 జనవరిలో మా ఖుర్సీపార్‌లో నా మిత్రుడొకడు పోయాడు. నాతోపాటు సర్వీసు చేసిన హవల్దారు. వయసు 52. పింఛను వచ్చాక ప్లాంటులో కాంట్రాక్టు సెక్యూరిటీ పని చూసుకునేవాడు. తెల్లవారుజామున నీళ్ల బకెట్టు ఎత్తుతుంటే రెండు భుజాల నడుమ వీపులో కత్తి దిగినట్టు నొప్పి వచ్చిందట. దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈ.సి.జి. బాగానే ఉంది, గ్యాస్ అన్నారు, ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. మధ్యాహ్నం నేను చూడటానికి వెళ్తే, "సాబ్, ఇది గ్యాస్ కాదు, లోపల ఏదో చిరిగింది" అన్నాడు. సాయంత్రానికి రాయపూర్ చేర్చాం. అక్కడ సి.టి. స్కాన్ తీసి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగిందన్నారు. ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేస్తుండగానే ప్రాణం పోయింది. వాడికి బి.పి. ఉండేది. తల తిరగడం లేదు కదా అని ఆరు నెలల ముందే మాత్రలు మానేశాడని వాళ్లావిడ తరువాత చెప్పింది.

ఆ రోజు నుంచి ఈ జబ్బు సంగతేమిటో తెలుసుకోవాలని పట్టుకున్నాను. డాక్టర్లను అడిగాను, దొరికింది చదివాను. ఈ ఆపరేషన్ల చరిత్ర నిండా మన ఫౌజీ ప్రపంచమే కనిపించింది. దాన్నే మీతో పంచుకుంటున్నాను.

పెద్ద పైపు అంటే ఏమిటి?

గుండె ఎడమ గది నుంచి బయలుదేరే నాళాన్ని తెలుగులో బృహద్ధమని అంటారు. డాక్టర్లు అయోర్టా అంటారు. అది ముందు పైకి వెళ్లి, గొడుగు పిడిలాగ వంపు తిరిగి, వెన్నెముక వెంట కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్లకు పోతుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం దీనిలోంచే పోతుంది. మెదడుకు, చేతులకు, కిడ్నీలకు, పేగులకు కొమ్మలన్నీ దీని నుంచే. గోడకు మూడు పొరలు ఉంటాయి.

దీనికి ముఖ్యంగా రెండు ఆపదలు. ఒకటి ఉబ్బు. గోడ బలహీనపడి, పాత సైకిలు ట్యూబు ఒకచోట బుడగ కట్టినట్టు ఉబ్బుతుంది. దీన్ని ఎన్యూరిజం అంటారు. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు. పగిలిందంటే చాలామంది ఆసుపత్రి దాకా కూడా చేరరు. రెండోది చీలిక, డిసెక్షన్ అంటారు. లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు దూరి, గోడను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. గుండెకు దగ్గరగా, పైకి వెళ్లే భాగంలో చీలితే గంటగంటకూ ప్రాణాపాయం పెరుగుతుంది. వెంటనే ఆపరేషన్ చేయాలి. వీపు వైపు దిగే భాగంలోనే అయితే చాలామందికి ముందు బి.పి. దించే మందులతోనే వైద్యం మొదలుపెడతారు. మా మిత్రుడిది మొదటి రకం.

ఈ జబ్బు రాజునీ వదల్లేదు, బంటునీ వదల్లేదు. 1760 అక్టోబరు 25న ఇంగ్లండు రాజు రెండో జార్జి ఉదయం లేచిన కాసేపటికే కూలిపోయాడు. రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్ శవపరీక్ష చేసి బృహద్ధమని గోడలో చీలికను రాసిపెట్టాడు. చనిపోయాక చూడగలిగారు గాని, బతికుండగా చేయగలిగింది ఏమీ లేని రోజులవి. 1817లో లండన్‌లో ఆస్ట్లీ కూపర్ అనే సర్జన్ సాహసించి ఒక రోగికి పొట్టలో ఈ నాళాన్నే దారంతో కట్టేశాడు. రోగి 40 గంటలు బతికాడు.

కుట్టుపని నేర్చుకున్న సర్జన్

నాళాన్ని కట్టేయడం తేలిక, కుట్టడం కష్టం. కుట్టు దగ్గర రక్తం కారుతుంది, లేదా గడ్డకడుతుంది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాది కార్నోను లియాన్ నగరంలో ఒకడు కత్తితో పొడిచాడు. పెద్ద నాళం తెగితే కుట్టడం ఎవరికీ రాక ఆయన చనిపోయాడు. అదే ఊళ్లో చదువుకుంటున్న అలెక్సిస్ కారెల్ మనసులో అది నాటుకుపోయింది. ఆయన ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గరకు వెళ్లి సన్నటి సూది, సన్నటి దారం పట్టడం నేర్చుకున్నాడు. తెగిన నాళం రెండు కొనల్నీ మూడుచోట్ల లాగిపట్టి, మధ్యలో కుట్టుకుపోయే పద్ధతి కనిపెట్టాడు. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన ఫ్రెంచి సైన్యంలో డాక్టరుగా పనిచేశాడు. యూనిట్లో దర్జీని మనం చిన్నచూపు చూస్తాం గాని, గుండె ఆపరేషన్లకు మూలం ఆ కుట్టుపనిలోనే ఉంది.

యుద్ధాలు నేర్పిన పాఠం

అయినా రెండో ప్రపంచయుద్ధం దాకా ఈ విద్య యుద్ధభూమిలో పెద్దగా వాడుకలోకి రాలేదు. మైఖేల్ డీబేకీ అనే సర్జన్ అప్పుడు అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఆయన, సిమియోన్ అనే మరొకాయన కలిసి 1946లో లెక్క తీశారు. ధమని తెగిన గాయాలు 2,471. వాటిలో కుట్టినవి 81 మాత్రమే. చాలావాటిని కట్టేశారు. కట్టేసినవారిలో దాదాపు సగం మందికి కాలో చెయ్యో తీసేయాల్సి వచ్చింది. గాయపడ్డవాణ్ణి సర్జన్ దగ్గరకు చేర్చేసరికే గంటలు గడిచిపోయేవి.

కొరియా యుద్ధం (1950–53) నాటికి హెలికాప్టర్లు వచ్చాయి, సర్జన్లు ముందు వరుసకు దగ్గరగా వచ్చారు. తెగిన ధమనిని కుట్టడం మొదలుపెట్టారు. అవయవం పోగొట్టుకునేవారు నూటికి 13 మందికి తగ్గారు. అదే సూది, అదే దారం. చేరే సమయం మారింది, చేసే చెయ్యి మారింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

పారాచూట్ గుడ్డ, టెరికాట్ బట్ట

తెగినచోట కుట్టడం సరే, మరి ఉబ్బిన ముక్క మొత్తం తీసేస్తే ఆ ఖాళీలో ఏం పెట్టాలి? 1951లో పారిస్‌లో చార్లెస్ డ్యూబోస్ట్ పొట్టలోని ఉబ్బును తీసేసి, చనిపోయిన మనిషి నాళం ముక్కను అతికించాడు. పనిచేసింది. కాని అలాంటి ముక్కలు ఎన్ని దొరుకుతాయి? దొరికినా కాలక్రమంలో పాడయ్యేవి.

దారి చూపినవాడు అమెరికాలో ఆర్థర్ వూర్హీస్ అనే యువ సర్జన్. 1947లో కుక్క మీద ప్రయోగం చేస్తుండగా పట్టుదారం ఒకటి పొరపాటున గుండె లోపలి గదిలోంచి పోయింది. కొన్ని నెలల తరువాత చూస్తే ఆ దారం మీద నున్నటి పొర ఏర్పడి ఉంది. దారానికి పొర పట్టినప్పుడు గుడ్డకు ఎందుకు పట్టదు అనుకున్నాడు. మొదట పట్టు రుమాలును గొట్టంలా కుట్టి చూశాడు. తరువాత పారాచూట్ గుడ్డగా పేరున్న విన్యాన్-ఎన్ వాడాడు. 1952లో ఫలితాలు ప్రకటించాడు.

ఇక డీబేకీ. చిన్నప్పుడు తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్నవాడు. హ్యూస్టన్‌లో బట్టల దుకాణానికి నైలాన్ కోసం వెళితే, నైలాన్ లేదు, డాక్రాన్ అనే కొత్త గుడ్డ ఉందన్నారు. కొనుక్కొచ్చి ఇంట్లో భార్య కుట్టుమిషను మీద గొట్టం కుట్టాడు. 1954 నుంచి మనుషులకు వాడారు. పారాచూట్ గుడ్డ పక్కకు పోయి డాక్రాన్ నిలిచింది. డాక్రాన్ అంటే ఏదో అనుకునేరు, పాలిస్టరే. మన చిన్నప్పటి టెరిలీన్ చొక్కా, మనం ఇస్త్రీ చేసి తొడుక్కున్న టెరికాట్ యూనిఫాం ఆ జాతివే. నేటికీ ఓపెన్ ఆపరేషన్లో పెట్టే గొట్టం ఎక్కువగా దానితోనే తయారవుతుంది.

ఈ మార్పు సరిగ్గా ఏ సమయంలో వచ్చిందో తెలియాలంటే ఐన్‌స్టీన్‌ను తలుచుకోవాలి. 1948లో ఆయన పొట్టలో ఉబ్బు బయటపడినప్పుడు దాన్ని తీసేసే పద్ధతి లేదు. రుడాల్ఫ్ నిసెన్ అనే సర్జన్ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు, గోడ గట్టిపడుతుందని. ఆరేళ్లకు పైగా నెట్టుకొచ్చింది. 1955 ఏప్రిల్‌లో పగిలింది. అప్పటికి కొత్త ఆపరేషన్ వచ్చింది. కాని ఆయన వద్దన్నాడు, ఏప్రిల్ 18న కన్నుమూశాడు.

గుండెను ఆపి, ఒంటిని చల్లబరిచి

పొట్టలో నాళాన్ని కాసేపు బిగించి పనిచేయవచ్చు. గుండె దగ్గర అలా కుదరదు. 1953లో జాన్ గిబ్బన్ గుండె–ఊపిరితిత్తుల యంత్రంతో మొదటిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశాక ఆ దారి తెరుచుకుంది. 1956లో డెంటన్ కూలీ, డీబేకీ పైకి వెళ్లే భాగాన్ని మార్చారు. 1968లో ఇంగ్లండులో హ్యూ బెంటాల్ కవాటాన్నీ నాళాన్నీ కలిపి ఒకే ముక్కగా మార్చే పద్ధతి ప్రకటించాడు. నేటికీ దాన్ని బెంటాల్ ఆపరేషన్ అనే అంటారు. తరువాత యాకూబ్, డేవిడ్ అనే సర్జన్లు రోగి సొంత కవాటాన్ని ఉంచి నాళం మాత్రం మార్చే పద్ధతులు తెచ్చారు.

మెదడుకు కొమ్మలు పోయే వంపు భాగం అన్నిటికన్నా కష్టం. సియాచిన్ డ్యూటీ చేసినవాళ్లకు చలి ఏం చేస్తుందో తెలుసు. అదే చలిని సర్జన్లు రక్షణగా వాడుకున్నారు. 1975లో రాండల్ గ్రీప్ రోగి ఒంటిని యంత్రంతో బాగా చల్లబరిచి, రక్తప్రసరణను కాసేపు పూర్తిగా ఆపి, వంపును మార్చిన వివరాలు ప్రకటించాడు. ఒళ్లు చల్లబడితే మెదడుకు ప్రాణవాయువు అవసరం తగ్గుతుంది. ఇప్పుడు చాలాచోట్ల అంత చల్లబరచకుండా, మెదడుకు మాత్రం వేరే గొట్టంతో రక్తం పంపుతూ పనిచేస్తున్నారు.

1983లో జర్మనీలో హాన్స్ బోర్స్ట్ ఇంకో ఉపాయం చేశాడు. వంపు మార్చేటప్పుడే గొట్టం చివర కొంత కిందికి వేలాడేలా వదిలాడు, రెండో ఆపరేషన్లో అక్కడి నుంచి అతకడానికి వీలుగా. దానికి ఏనుగు తొండం అని పేరు. ఇప్పుడు ఆ తొండంలోనే లోహపు స్ప్రింగు పెట్టి, చాలామందికి రెండు ఆపరేషన్ల పని ఒకేసారి ముగిస్తున్నారు.

తొడ దగ్గర చిన్న గాటు

ఆ లోహపు స్ప్రింగుకు వేరే చరిత్ర ఉంది. ఛాతీ, పొట్ట కోయకుండా తొడ దగ్గరి నాళంలోంచి గొట్టాన్ని మడిచి పంపి, లోపల విచ్చుకునేలా చేయాలన్న ఆలోచన రెండుచోట్ల పండింది. మన భిలాయ్ ప్లాంటు కట్టడానికి సాయపడిన సోవియట్ దేశంలో, ఖార్కివ్ నగరంలో, 1987లో నికొలాయ్ వోలోదోస్ ఛాతీలోని నాళానికి ఇలా చేశాడు. ఆ సంగతి బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. 1990 సెప్టెంబరు 7న అర్జెంటీనాలో హువాన్ పరోడి పొట్టలోని ఉబ్బుకు చేశాడు. అది లోకమంతా పాకింది.

ఇప్పటి స్టెంట్ గ్రాఫ్టులు చాలావాటిలో నిటినాల్ అనే లోహం వాడతారు. నికెల్, టైటానియం కలిసిన మిశ్రమం. మడిచినా మళ్లీ తన ఆకారానికి వస్తుంది. దీన్ని అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో, మిస్సైలు ముక్కుకు తగిన లోహం వెతుకుతుంటే కనిపెట్టారు. పేరులో చివరి అక్షరాలు ఆ ప్రయోగశాల పేరువే. మిస్సైలు కోసం వెతికిన లోహం చివరికి మనిషి నాళంలో కాపలా కాస్తోంది.

అలాగని చిన్న గాటే ఎప్పుడూ మేలని అనుకోకూడదు. ఇంగ్లండులో రెండు పద్ధతులనూ పోల్చి చూసి 2004లో ఫలితాలు ప్రకటించారు. మొదటి నెలలో మరణాలు కోత ఆపరేషన్లో నూటికి 4.7, స్టెంటులో 1.7. కాని ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా చెరిగిపోయింది. స్టెంటు జరగవచ్చు, పక్క నుంచి రక్తం లోపలికి కారవచ్చు. అందుకే స్టెంటు వేయించుకున్నవాళ్లు జన్మంతా స్కానులు చేయించుకుంటూ ఉండాలి. వయసు తక్కువగా ఉండి ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు చాలాసార్లు కోత ఆపరేషనే మంచిదంటారు.

మన దేశంలో

మన దగ్గర ఈ జబ్బుకు ఇంకో ముఖం ఉంది. కుర్రవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, నాళం గోడ వాచి సన్నబడే జబ్బు వస్తుంది. 1908లో దాన్ని గుర్తించిన జపాను డాక్టరు తకయాసు పేరే దానికి పెట్టారు. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పి.కె. సేన్, ఆయన సహచరులు బృహద్ధమని మధ్యభాగం ఇలా సన్నబడటం మీద 1963లోనే రాశారు. 1968లో దేశంలో మొదటి గుండె మార్పిడి చేసింది కూడా ఆ సేన్ గారే.

మన తెలుగు గడ్డ మీద, హైదరాబాద్‌లో, అబ్దుల్ కలాం గారు, డాక్టర్ సోమరాజు గారు కలిసి 1990లలో తక్కువ ధర గుండె స్టెంటు తయారుచేయించారు. కలాం–రాజు స్టెంట్ అని పేరు. అది గుండె మీది చిన్న నాళాలకు పెట్టేది, బృహద్ధమనికి కాదు. అయినా రక్షణ ప్రయోగశాలల తెలివి పేదవాడి గుండెకు ఉపయోగపడుతుందని మనవాళ్లు చేసి చూపించారు. 2003 ఏప్రిల్‌లో మన ఇ.సి.హెచ్.ఎస్., 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లు మామూలు కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చాయి. సర్వీసులో ఉన్నవారికి పూణేలో ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్డియో థొరాసిక్ సైన్సెస్ ఉంది. పాతవాళ్లకు అది ఎం.హెచ్.సి.టి.సి. గానే గుర్తు.

పట్టాల మిల్లు పాఠం

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ప్లాంటు పనికి భిలాయ్ వచ్చినవాడు. మా అక్కను ఇక్కడే ఇచ్చాం. బావగారు రైల్ మిల్లులో చేసి రిటైరయ్యారు. నలభై ఏళ్లు బీడీ కాల్చారు. 2021లో కిడ్నీ రాయేమోనని సెక్టార్ 9 ఆసుపత్రిలో పొట్ట స్కాన్ తీస్తే, రాయి సంగతి అలా ఉంచి, నాళంలో 6 సెంటీమీటర్ల ఉబ్బు కనిపించింది. అక్కడ మామూలుగా ఉండేది సుమారు 2 సెంటీమీటర్లు. మగవారిలో 5.5 దాటితే బాగుచేయించాలంటారు.

బావగారు ససేమిరా అన్నారు. "నొప్పి లేదు, నలత లేదు, 68 ఏళ్లకి కోయించుకోవడం ఎందుకురా" అన్నారు. అక్క ఏడ్చింది, పిల్లలు బతిమాలారు. నాలుగు రోజులు వినలేదు. నాకు మా హవల్దారు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

భిలాయ్ మిల్లులో తయారైన ప్రతి పట్టాను అల్ట్రాసౌండుతో పరీక్ష చేసి గాని రైల్వేకి పంపరు. పైకి అద్దంలా మెరిసే పట్టాలో లోపల సన్నటి పగులు ఉండవచ్చు. మనుషులకు తీసే స్కానింగు కూడా ఆ తోవలోనే వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు, లోహంలో పగుళ్లు పట్టే ఫ్యాక్టరీ యంత్రాన్ని తీసుకుని 1950లలో గ్లాస్గోలో రోగుల పొట్ట మీద పెట్టి చూశాడు. ఈ సంగతి బావగారికి చెప్పి, "బావా, పట్టాలో లోపం కనిపించాక, పైకి బాగానే ఉంది కదా అని రైల్వేకి పంపేవాడివా?" అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "టిక్కెట్లు చూడరా" అన్నారు.

హైదరాబాద్‌లో తొడ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. నాలుగో రోజు డిశ్చార్జి చేశారు. బీడీ మానేశారు. ఏడాదికోసారి స్కానుకు వెళ్తున్నారు. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి ఆయన తమ్ముళ్లిద్దరికీ కూడా స్కాన్ చేయించాం. బాగానే ఉంది.

మనం చేయవలసింది

డీబేకీ కథకు ముగింపు ఉంది. చీలికలను రకాలుగా విడదీసి ప్రపంచానికి నేర్పిన ఆయనకే 2005 డిసెంబరు 31న, 97వ ఏట, అదే చీలిక వచ్చింది. మొదట ఆయన గుండెపోటే అనుకున్నాడు. ఆపరేషన్ వద్దన్నాడు కూడా. చివరికి 2006 ఫిబ్రవరిలో తన శిష్యుల చేతుల్లో, తాను కనిపెట్టిన పద్ధతితో బతికి బయటపడి, 2008 జులై దాకా ఉన్నాడు. అంతటివాడికే నొప్పి మొదట అర్థం కాలేదంటే, మనలాంటివాళ్ల సంగతి చెప్పాలా!

అందుకే నాలుగు మాటలు. బి.పి. మాత్ర మన ఇష్టప్రకారం మానకూడదు. సెంట్రీ నిద్రపోతే శత్రువు చెప్పి రాడు. ఛాతీలోగాని, భుజాల నడుమ వీపులోగాని ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే, ఈ.సి.జి. బాగుందన్న ఒక్క కారణంతో ఇంటికి రావద్దు. రెండు చేతుల్లోనూ బి.పి. చూడమని, పెద్ద నాళం సంగతి చూడమని, అవసరమైతే సి.టి. తీయమని అడగండి. గుండెపోటు అనుకుని రక్తం గడ్డలు కరిగించే మందు ఇస్తే ఈ జబ్బులో హాని జరుగుతుంది. బీడీ, సిగరెట్టు కాల్చిన అలవాటు ఉన్న మగవారు 65 దాటాక ఒక్కసారైనా పొట్ట అల్ట్రాసౌండు చేయించుకోవాలి. ఇంగ్లండులో 65వ ఏట మగవారిని ప్రభుత్వమే పిలిచి చేస్తుంది. మన దగ్గర మనమే వెళ్లాలి. మన సంఘం ఏటా పెట్టే వైద్య శిబిరంలో షుగరు, కంటి పరీక్షలతోపాటు ఈ ఒక్క స్కాన్ కూడా చేర్చమని పెద్దలకు ఈ వ్యాసం ద్వారా మనవి చేస్తున్నాను.

కొరియాలో అవయవాలు నిలబెట్టింది గాయపడ్డవాణ్ణి త్వరగా చేర్చడం, కుట్టే చెయ్యి సిద్ధంగా ఉండటం. ఈనాడు కుట్టే చెయ్యి, గుడ్డ, లోహం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. చేర్చడం మన పని. మా హవల్దారును ఉదయమే రాయపూర్ తీసుకెళ్లి ఉంటే బతికేవాడో లేదో చెప్పలేను. ఆ అవకాశం వాడికి దక్కలేదన్నది మాత్రం నా మనసులో ఉండిపోయింది. మీ ఇంట్లో ఎవరికీ అలా జరగకూడదు.

జై హింద్.